సమష్టి క్యారియర్

ఆ విశ్వవిద్యాలయంలో మానవీయ శాస్త్రాల వాళ్ళు ఎవరికి వాళ్ళు ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తున్నారన్న సంగతి కొత్త ఉపకులపతిగారు పదవిలోకి వచ్చిన కొద్ది రోజులకే బయటపడింది. ఆయన రసాయనశాస్త్రం మనిషి. వాళ్ళ ప్రయోగశాలలో ఒక గాజు గొట్టం కడగాలన్నా చుట్టూ నలుగురుంటారు. అలాంటిది ఆర్ట్స్ బ్లాకు వరండాలో నడుస్తూ ఒక కిటికీలోంచి తొంగి చూస్తే ఒక ఆచార్యుడు ఒక్కడే కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాడు. పక్క కిటికీలో ఇంకొకాయన, ఇంకో పుస్తకం. ఉపకులపతిగారి మనసు కలుక్కుమంది.

"ఎప్పటి నుంచి జరుగుతోంది ఇది?" అని వెంట ఉన్నవాళ్ళను అడిగారట.

"మొదటి నుంచీ ఇంతే సార్" అన్నారట వాళ్ళు, తలలు వంచుకుని.

మరుసటి వారమే ఆదేశం వెలువడింది. 'ఇకపై మానవీయ శాస్త్రాలలో ఏకవ్యక్తి పరిశోధనను పరిశోధనగా గుర్తించడం జరగదు. కనీసం మూడు శాఖలవారు బృందంగా ఏర్పడి, పరస్పర సహకారంతో, శాస్త్రాల మధ్య గోడలను తొలగించే దిశగా కృషి చేయవలెను. అట్టి బృందాలకు విశ్వవిద్యాలయం సకల సదుపాయాలు కల్పించును.'

హైమవతి ఈ కాగితాన్ని లేడీస్ రూములో, ఎడమచేత్తో పట్టుకుని చదివింది. కుడిచేయి పప్పన్నంలో ఉంది.

"చివరి ముక్క మళ్ళీ చదువక్కా" అంది ఎస్తేరు.

"సకల సదుపాయాలు కల్పించును."

ఎస్తేరు తలెత్తి ఫ్యాను వైపు చూసింది. రజియా కూడా చూసింది. ఆ ఫ్యాను తిరగగా చూసినవాళ్ళు ఆ బ్లాకులో ఎవరూ లేరు. ఒక రెక్క కిందికి వంగి, ఏదో అవమానం జరిగిన మనిషిలా అది అట్లాగే వేలాడుతూ ఉంటుంది. రాయలసీమ ఎండలో, రేకుల కప్పు కింద, ముగ్గురూ పాత జవాబు పత్రాలతో విసురుకుంటూ అన్నాలు తింటారు.

హైమవతిది తెలుగు శాఖ. ఎస్తేరుది భాషాశాస్త్రం, ముగ్గురిలోకీ చిన్నది. రజియాది చరిత్ర. వచ్చే వేసవికి రిటైరవుతుంది. హైమవతి కొన్నేళ్ళుగా గాజులమ్మే ఆడవాళ్ళ పాటల మీద పుస్తకం రాస్తోంది. వీధివీధీ తిరిగి, గడపలో కూర్చుని, గాజులు తొడుగుతూ పాడే పాటలు అవి. మొదలు, గాజుల పేర్లు తప్ప, తెలుగులో ఉంటాయి, నడిమధ్యలో ఉర్దూలోకి దిగుతాయి, చివరికి మళ్ళీ తెలుగుకొస్తాయి. ఎందుకట్లా దిగుతాయో తెలిస్తే ఆఖరి అధ్యాయం పూర్తవుతుంది. ఇప్పుడా పాటలు పాడేవాళ్ళు లేరు. ఉన్నదల్లా రజియా. వాళ్ళ అమ్మమ్మ గాజుల మలారం మూట నెత్తిన పెట్టుకుని ఈ ఊరంతా తిరిగిన మనిషి.

అయితే రజియాతో ఒక చిక్కుంది. టేపు ముందు కూర్చోబెట్టి పాడమంటే ఆమెకు ఒక్క ముక్క గుర్తు రాదు. అన్నం కలుపుతూ ఉంటే వస్తాయి. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ ముద్దలు కలిపి పెడుతూ పాడేదట. అందుకని వేళ్ళు అన్నంలోకి పోతేగానీ ఆమె గొంతులోకి పాట రాదు. అదీ మామూలు రోజుల్లో రాదు. ఎవరిదైనా కూర బాగా కుదరాలి.

"లాల్ చూడీ, హరీ చూడీ, గడప దాటని కోడలా,
చెయ్యి ఒక్కటి ఇవతలకిస్తే చాలునమ్మా..."

ఎర్రగాజు, పచ్చగాజు అంటూ అంతవరకూ వచ్చి, పూర్తిగా ఉర్దూలోకి దిగాల్సిన చోట రజియాకు మాటలు పోయేవి. రాగం ఒక్కటే మిగిలేది. "నన్నన్న నాన్నా" అని రెండుసార్లు సాగదీసి, "ఆ వంకాయ ఇటు జరుపు హైమా, వస్తుందేమో చూస్తా" అనేది. వంకాయ జరిగేది. ఒక్కోసారి ఒక మాట వచ్చేది. ఎస్తేరు ఎంగిలిచేత్తోనే ఆ పలుకు ఏ కాలానిదో చెప్పేది. సాయంత్రం ఇంటికెళ్ళి హైమవతి ఒక పేజీ రాసుకునేది. ఆ పుస్తకం అట్లా, కూరల మీద నడుస్తోంది.

"బృందమని రాసిస్తే ఫ్యాను ఇస్తారు ఆపా" అంది ఎస్తేరు రజియాతో.

"వద్దులేమ్మా. వాళ్ళ కంట పడకుండా ఉండడమే మంచిది" అంది రజియా.

"రోజూ కూర్చునేదే కదా. ఉన్నదే రాస్తాం."

హైమవతికీ ఆ మాట నచ్చింది. చెమట కారి ముక్కు మీంచి పప్పులో పడే వేళకు ఎవరికైనా నచ్చుతుంది. 'మేము ముగ్గురం మూడు శాఖల వాళ్ళం. ప్రతిరోజూ మధ్యాహ్నం కలుసుకుని పరిశోధన విషయాలు ముచ్చటించుకుంటాం. గదిలో ఫ్యాను తిరగడం లేదు' అని రాసి, ముగ్గురూ సంతకాలు పెట్టారు.

విశ్వవిద్యాలయంలో బృందాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. 'నాగరికతా సంగమ బృందం', 'సమగ్ర మానవ బృందం', ఇట్లా. కానీ సమష్టి పరిశోధనా సంచాలకులుగా నియమితులైన ఆచార్య వైకుంఠరావుగారు తనిఖీకి వెళితే ఎక్కడా మనుషుల్లేరు. సభ్యులంతా ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చుని, తమ బృందం పేరు కింద ఒంటరిగా రాసుకుంటున్నారు. ఒక బృందంలో ఇద్దరు సభ్యులకు అసలు మాటలే లేవు, ఎప్పటిదో ప్రమోషన్ తగాదా. ఆయన నీరసించిపోయి, ఆర్ట్స్ బ్లాకు చివరనున్న లేడీస్ రూము తలుపు తట్టేసరికి లోపలి నుంచి నవ్వులు వినిపించాయి.

"మీరు... నిజంగానే కలుస్తున్నారా?" అన్నారు ఆయన గడపలో నిలబడి.

"రోజూ కలుస్తాం సార్" అంది హైమవతి లేవబోతూ.

"కూర్చోండి, కూర్చోండి. యథాస్థితి చెడగొట్టవద్దు." ఆయన లోపలికొచ్చి బల్ల మీద చూశారు. "మీ గిన్నెలోది ఆవిడ తింటున్నారు. ఆవిడ గిన్నెలోది మీరు తింటున్నారు. ఇది ఎవరి ఆదేశం మీద జరుగుతోంది?"

"ఎవరి ఆదేశమూ లేదు సార్. కూరలు మార్చుకుంటాం, అంతే."

"ఆదేశం లేకుండానే!" అన్నారు వైకుంఠరావుగారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయనది భూగర్భశాస్త్రం. హైమవతి క్యారియర్ గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పక్కనుంచి చూసి, మళ్ళీ విడదీసి చూశారు. "స్తరాలు" అన్నారు నెమ్మదిగా. "కింద అన్నం, ఆధార శిల. దాని మీద పప్పు. దాని మీద కూర. దేని ఉనికి దానిదే, కానీ పిడి ఒక్కటే. అమ్మా, మేము ఇన్నాళ్ళూ వెతుకుతున్న నమూనా ఇదే."

"ఫ్యాను సంగతి సార్" అంది ఎస్తేరు.

ఆయన అప్పటికే వరండాలో పరుగులాంటి నడకలో ఉన్నారు.

పది మంది అధికారులతో ఉపకులపతిగారు స్వయంగా వచ్చారు. ముగ్గురూ తింటుండగా చుట్టూ నిలబడి చూశారు. ఎవరో ఫోటో తీశారు. రజియా పైట తలమీదికి లాక్కుని, ముద్ద నోట్లో పెట్టుకోవాలో వద్దో తేల్చుకోలేక చేయి గాల్లోనే ఉంచింది.

"మిత్రులారా" అన్నారు ఉపకులపతిగారు, "శాస్త్రాల మధ్య గోడలు పగలగొట్టాలని మనం అంటున్నాం. ఇక్కడ పగిలిపోయాయి. దీనికి మూలకారణం క్యారియర్. కావున ప్రతి పరిశోధనా బృందానికీ విశ్వవిద్యాలయం తరఫున ఒక స్టీలు క్యారియర్ అందజేయడం జరుగుతుంది."

అందజేయడం జరిగింది. మూత మీద విశ్వవిద్యాలయ చిహ్నం, చుట్టూ 'సంగచ్ఛధ్వం', అంటే కలిసి నడవండి అనో ఏదో, అక్షరాలు. హైమవతి బృందం ఆదర్శ బృందం కాబట్టి వాళ్ళకు తలా ఒకటి ఇచ్చారు. ఫ్యాను ఈ పథకం పరిధిలోకి రాదని ఒక కాగితం కూడా ఇచ్చారు.

ఆ తర్వాత కూరలకు మార్గదర్శకాలు వచ్చాయి. ఒకే పదార్థంతో చేసినది ఏకశాస్త్రీయం కనుక పెరుగన్నం, ఆవకాయ అన్నం లెక్కలోకి రావు. సాంబారు ఆదర్శప్రాయం, అందులో అన్ని కూరగాయలూ తమ గుర్తింపు కోల్పోకుండా కలిసి ఉడుకుతాయి. ఇద్దరు సభ్యులు ఒకే రోజు ఒకే కూర తెస్తే పునరుక్తి దోషం. గణాంకశాస్త్రం నుంచి ఒక పరిశీలకుణ్ణి వేశారు. అతను బల్ల చివర కూర్చుని, ఏ శాఖ కూర ఏ శాఖ కంచంలోకి ఎంత వెళ్ళిందో రాసుకునేవాడు. మంచివాడే, పాపం. వాసన వచ్చినప్పుడల్లా గుటక మింగేవాడు. కాస్త పెట్టబోతే, "వద్దండీ, పరిశీలన చెడిపోతుంది" అనేవాడు.

పొద్దున్నే వంటింట్లో నాలుగు రకాల ముక్కలు తరుగుతుంటే హైమవతి భర్త కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

"నిన్న సాంబారే. మొన్నా సాంబారే. బెండకాయ వేపుడు చేసి ఎన్ని రోజులైంది?"

"బెండకాయ వేపుడు ఏకశాస్త్రీయమట."

"ఎవరన్నారు?"

"ఉపకులపతి."

ఆయన బ్యాంకు ఉద్యోగి. సర్క్యులర్లు తెలిసిన మనిషి. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

హైమవతికి అసలు బాధ సాంబారు కాదు. పరిశీలకుడు బల్ల దగ్గర చేరిన రోజు నుంచీ రజియాకు పాట రావడం ఆగిపోయింది. అన్నం కలుపుతుంది, పెదవులు కదులుతాయి, అతని పెన్ను కదలగానే మూసుకుంటాయి. "నాకు పరీక్ష రాస్తున్నట్టుంది హైమా" అంది ఒకరోజు. "మా అమ్మమ్మ ముందు ఎవరైనా పెన్ను పట్టుకుని కూర్చుంటే ఆమె పాడేదా?" చలికాలం అట్లాగే పోయింది. పుస్తకం ఒక్క పేజీ ముందుకు జరగలేదు. వేసవి దగ్గరికొస్తోంది.

ఇంత జరిగినా మిగతా బృందాల్లో సహకారం పుట్టలేదు. క్యారియర్లు మాత్రం వాడుకలోకి వచ్చాయి. ఆర్థికశాస్త్రం వాళ్ళు వాటిలో సుద్దముక్కలు పెట్టుకున్నారు. దీని మీద ఉపకులపతిగారు అత్యవసర సమావేశం పెట్టి, ముగ్గురినీ పిలిపించారు.

"అమ్మా, మీ ఇళ్ళలో పెరుగు ఎట్లా తోడుపెడతారు?" అన్నారు.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "కాస్త పెరుగు తీసి గోరువెచ్చని పాలలో వేస్తాం సార్" అంది హైమవతి.

"చూశారా!" ఆయన బల్ల మీద తట్టారు. "ఒక చెంచాడు పెరుగుతో గిన్నెడు పాలు తోడుకుంటాయి. మరి పెరుగంతా ఒక్క గిన్నెలోనే పెట్టుకుని కూర్చుంటే ఎట్లా? మీ ముగ్గురిలో సహకారం పండింది. దాన్ని ఒక్క గదిలో ఉంచుకోవడం సంస్థకు నష్టం. కావున మిమ్మల్ని మూడు బృందాలలోకి పంపుతున్నాం. మీ హోదా, తోడు సభ్యులు."

"సార్, మేము ముగ్గురం కలిసి ఉంటేనే కదా..." అంది హైమవతి.

"అది స్వార్థం అనను. సంకుచిత సహకారం అంటాను" అన్నారు వైకుంఠరావుగారు మృదువుగా.

"ఇంక రెండు నెలలే సార్ నాకు. హైమ పుస్తకం ఒకటి..." రజియా గొంతు సవరించుకుంది.

"పుస్తకం ఎవరిది?"

"హైమది సార్."

"ఒక్కరిదా?" అన్నారు ఉపకులపతిగారు. గదిలో అందరూ హైమవతి వైపు, పరాయివాడి జేబులో చేయి పెట్టి దొరికిన మనిషిని చూసినట్టు చూశారు.

రజియాను ఆర్థికశాస్త్రం, సంస్కృతం వాళ్ళతో పరిపాలనా భవనంలో వేశారు. ఎస్తేరును కొండవైపున్న కొత్త భవనానికి పంపారు. హైమవతికి వ్యాయామ విద్య, గ్రంథాలయశాస్త్రం వచ్చాయి. వ్యాయామ విద్య ఆయన పొద్దున తాగిన మొలకల రసంతో సాయంత్రం దాకా ఉండే మనిషి. గ్రంథాలయశాస్త్రం ఆమె మౌనంగా తింటుంది. వృత్తి ధర్మం కాబోలు. వాళ్ళిద్దరి మధ్యా తోడులా కూర్చుని హైమవతి రోజూ తన సాంబారు తానే తినేది. కూడబలుక్కున్నట్టు ఇద్దరూ బాగానే పలకరించేవారు. తోడుకోవడం మాత్రం లేదు.

ఓపిక పట్టలేక ఒకరోజు రజియాకు ఫోను చేసింది. "ఆపా, నీళ్ళ ట్యాంకు వెనకాల నీడ ఉంటుంది. గుత్తివంకాయ చేసుకొస్తా."

"వస్తా" అంది రజియా. ఇంకో మాట అడగలేదు.

ట్యాంకు వెనక గట్టు మీద కూర్చుని రజియా గుత్తివంకాయ కలిపింది. కళ్ళు మూసుకుంది. "లాల్ చూడీ, హరీ చూడీ" అంటూ మొదలుపెట్టింది. కోడలు చెయ్యి గడప ఇవతలకొచ్చింది. అత్తగారు వెనక నిలబడి ఉంది. అది కొత్త చరణం, ఎప్పుడూ రానిది. హైమవతి ముద్ద కంచంలోనే వదిలేసింది. ఉర్దూ మొదలయ్యే చోటుకు వచ్చింది.

"ఏం చేస్తున్నారమ్మా ఇక్కడ?"

వైకుంఠరావుగారు. ట్యాంకు కింద రాళ్ళు చూడ్డానికి అప్పుడప్పుడూ వస్తారట.

"అన్నం తింటున్నాం సార్."

"ఏ బృందం కింద?"

హైమవతి వంకాయ గిన్నె మీద మూత పెట్టింది.

"మీరు వేరు బృందం, ఆవిడ వేరు బృందం. అనుమతి లేకుండా ఇద్దరు కలిస్తే దాన్ని ఏమంటారో తెలుసా? అనధికార సహకారం. సంస్థాగత సహకారాన్ని దెబ్బతీసేది ఇటువంటి సహకారమే." ఆయన నిజంగానే బాధపడుతున్నారు. "పోనీ, ఎవరికి వారే వచ్చి తిన్నామని రాసివ్వండి. వదిలేస్తాను."

"ఎవరికి వారే తింటే ఏకవ్యక్తి భోజనం అవుతుంది కదా సార్. అదీ నిషేధమే" అంది రజియా.

వైకుంఠరావుగారు చాలాసేపు ఆలోచించారు. చివరికి ఇద్దరికీ మెమో ఇచ్చారు.

వేసవి వచ్చింది. రజియాకు వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, చిహ్నం ఉన్న క్యారియర్ ఇంకొకటి బహూకరించారు. 'శ్రీమతి రజియాగారు ఈ విశ్వవిద్యాలయానికి తోడు' అని ఉపకులపతిగారు సెలవిచ్చారు. హైమవతి వెనక వరసలో కూర్చుంది. సభ అయ్యాక రజియా రెండు క్యారియర్లూ చెరో చేత్తో పట్టుకుని వచ్చి, "మా ఇంటికి రావే. ఎప్పుడొచ్చినా అన్నం ఉంటుంది" అంది.

వెళ్ళింది. కానీ ఆ ఇంట్లో కోడలు వడ్డిస్తుంది, మనవలు టీవీ పెడతారు, రజియా అతిథి ముందు మర్యాదగా చెంచాతో తింటుంది. పాట రాలేదు. ఇద్దరూ చాయ్ తాగి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుని లేచారు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే హైమవతికి ఆ పుస్తకం ఇక రాదని తెలిసిపోయింది. తిరిగి క్యాంపస్‌లోనే కలుద్దామంటే రిటైరైన వాళ్ళకు గేటు దగ్గర ప్రవేశం లేదు.

సెలవుల్లో ఉపకులపతిగారు ఏదో కొండప్రాంతంలో సదస్సుకు వెళ్ళారు. అక్కడ ఎవరో ఒక వక్త, ప్రపంచంలోని గొప్ప ఆలోచనలన్నీ ఒంటరిగా కూర్చున్నవాళ్ళకే వచ్చాయని రుజువు చేశాడట. ఆయన తిరిగి వచ్చీ రాగానే ఆర్ట్స్ బ్లాకు వరండాలో నడిచారు. ఒక కిటికీలో నలుగురు కనిపించారు. పక్క కిటికీలో ఇంకో నలుగురు.

"ఎప్పటి నుంచి జరుగుతోంది ఇది?" అన్నారు.

మరుసటి వారం ఆదేశం వచ్చింది. 'మానవీయ శాస్త్రాలలో సామూహిక కాలక్షేపాన్ని పరిశోధనగా గుర్తించడం జరగదు. ప్రతి ఆచార్యునికీ ప్రత్యేక ఏకాంత కుటీరం కేటాయించబడును. కుటీరంలో పరిశోధకులు ఉన్నంతసేపూ, ఎంతటి అధికారి అయినా సరే, తలుపు తట్టరాదు. పరిశోధకులు భోజనానికి సైతం వెలుపలికి రానవసరం లేకుండా, క్యారియర్ తెచ్చే వ్యక్తిని గేటు వద్ద అడ్డగించరాదు.' ఏకాంత పరిశోధనా సంచాలకులుగా ఆచార్య వైకుంఠరావుగారు నియమితులయ్యారు. సంతకం ఆయనదే.

గదులు చాలక హైమవతికి లేడీస్ రూమునే కుటీరంగా ఇచ్చారు. ఏకాంతంలో ఆలోచనకు గాలి అవసరమని నిపుణులు తేల్చారు కాబట్టి, కొత్త ఫ్యాను బిగించారు. తలుపుకు బోర్డు కొట్టారు: 'లోపల పరిశోధకులు ఏకాంతంలో ఉన్నారు.'

హైమవతి ఆ బోర్డును కాసేపు చూసింది. ఆదేశాన్ని ఇంకోసారి చదివింది. తర్వాత రజియాకు ఫోను చేసింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర వాచ్‌మన్, "ఎవరమ్మా?" అన్నాడు.

రజియా చిహ్నం ఉన్న క్యారియర్ ఎత్తి చూపించింది. "భోజనం."

అతను సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

కొండవైపు భవనంలో ఎస్తేరు కుటీరం తలుపుకు కూడా అదే బోర్డు ఉంది. లోపల ఎస్తేరు లేదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే తలుపు తట్టాలి, తట్టకూడదు.

లేడీస్ రూములో గడియ పడింది. హైమవతి బల్ల మీద వంకాయ, బెండకాయ వేపుడు గిన్నెలు తెరిచింది. ఫ్యాను తిరిగింది. ముగ్గురూ కాసేపు తలలెత్తి దాన్నే చూశారు. పాత జవాబు పత్రాలు గదంతా ఎగిరాయి. ఎస్తేరు వాటి వెనక పరుగెత్తింది. రజియా నవ్వుతూ కొంగు సర్దుకుని, బెండకాయ వేపుడు కంచంలో వేసుకుని, వేళ్ళు అన్నంలో పెట్టింది.

"లాల్ చూడీ, హరీ చూడీ, గడప దాటని కోడలా,
చెయ్యి ఒక్కటి ఇవతలకిస్తే చాలునమ్మా,
వెనక నిలిచిన అత్తగారు గాజులెంచుతున్నదీ..."

వేళ్ళు ఆగాయి. హైమవతి కదల్లేదు. రజియా కళ్ళు మూసుకునే, చిన్నపిల్ల గొంతుతో అందుకుంది.

"నక్కో రో బేటీ, తేరీ అమ్మా అచ్ఛీ హై..."

"ఏడవకు బిడ్డా" అంది ఎస్తేరు మెల్లిగా. "మీ అమ్మ బాగుంది."

రజియా కళ్ళు తెరిచింది. "మా వాళ్ళ వీధిలో పెరిగిన కోడలికి ఉర్దూ తెలుసు, అత్తకు రాదు హైమా. అందుకే అక్కడ దిగుతుంది. అమ్మమ్మ గాజులమ్మడానికి పోయినట్టే పోయి, పుట్టింటి కబురు అందించి వచ్చేది."

 ఎస్తేరుకు నవ్వొచ్చింది. "క్యారియర్ ఎత్తుకుని నువ్వొచ్చినట్టే ఆపా" అంది. ముగ్గురికీ నవ్వు ఆగలేదు. హైమవతికి నవ్వుతూనే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

బయట వరండాలో అడుగులు వచ్చి ఆగాయి. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. తలుపు తట్టబోయిన చేయి, ఆదేశం కింది తన సంతకం గుర్తొచ్చి వెనక్కి వెళ్ళినట్టు, గాజు గాజుకు తగిలినంత చప్పుడైంది. తలుపుకు ఉంగరం తగిలింది కాబోలు.

"విన్నారా?" వైకుంఠరావుగారు ఎవరితోనో గుసగుసగా అంటున్నారు. "ఒక్క మనిషిలోంచి మూడు గొంతులు పలుకుతున్నాయి. ఏకాంతం శక్తి అంటే అదీ. రాసుకోండి, రాసుకోండి."

అడుగులు దూరమయ్యాయి.

"ఎక్కడున్నాం?" అంది రజియా.

"పుట్టింటి కబురు దగ్గర ఆపా."

"ఇంకా చాలా కబుర్లున్నాయి. ముందు ఆ వంకాయ ఇటు జరుపు."